ఆడమ్ స్మిత్: అలంకారశాస్త్రమునుండి అర్థశాస్త్రమునకు

అర్థశాస్త్ర పితామహుడని లోకము కొనియాడు ఆడమ్ స్మిత్ తన జీవితమున ఎన్నడును అర్థశాస్త్రాచార్యుడు కాడు. ఆ పేరుగల ఆచార్యపీఠము అతని కాలమున బ్రిటనులో లేనేలేదు. ఎడింబరో నగరమున అతడు ప్రథమమున చేసిన ఉపన్యాసములు అలంకారశాస్త్రమునకు సంబంధించినవి. గ్లాస్గో విశ్వవిద్యాలయమున మొట్టమొదట అధిష్ఠించినది తర్కశాస్త్ర పీఠము. భాషల పుట్టుకను గూర్చి అతడు వ్రాసిన వ్యాసము, దేశసంపదను గూర్చిన ఉద్గ్రంథముకంటె 15 సంవత్సరములు ముందుగా అచ్చుపడినది. కావున భాషాసాహిత్యములను వృత్తిగా గైకొన్నవారు ఇతనిని పరాయివానిగా చూడనక్కరలేదు. ప్రభుత్వము వర్తకమున జోక్యము చేసికొనరాదను వాదమునకు మూలపురుషుడని కొందరు ఇతనిని స్తుతింతురు. ఆ కారణముననే మరికొందరు నిందింతురు. ఉభయపక్షములందును అతని గ్రంథమును తుదముట్ట చదివినవారు తక్కువ.

స్కాట్లండునందలి ఫైఫ్ మండలమున సముద్రపుటొడ్డున కర్కాడీ అను చిన్న రేవుపట్టణము కలదు. స్మిత్ అచ్చట 1723లో జన్మించెను; జూను 5వ తేదీన అతనికి జ్ఞానస్నానము జరిగినది. తండ్రి పేరును ఆడమ్ స్మిత్తే. ఆయన ఆ రేవున సుంకముల శాఖలో అధికారి. కుమారుడు పుట్టుటకు కొలది నెలలు ముందే గతించెను. తల్లి మార్గరెట్ డగ్లస్ ఏకైక పుత్రుని పెంచి పెద్దవానిని చేసినది. స్మిత్ వివాహమాడలేదు. 1784లో ఆమె మరణించువరకు తల్లియే అతని గృహమునకు యజమానురాలు. పసితనమున దేశదిమ్మరులు అతనిని ఎత్తుకొనిపోగా బంధువులు వెదకి విడిపించి తెచ్చిరని జీవితకారులందరును చెప్పుదురు. ఆ ప్రాంతమున మేకులు కొట్టు పరిశ్రమ ఉండెడిది. స్కాట్లండులో ఒక గ్రామమున పనివారు నాణెములకు బదులు మేకులు పట్టుకొని రొట్టెల దుకాణమునకు పోవుట కలదని అతడు పిమ్మట గ్రంథస్థము చేసెను. ద్రవ్యము పుట్టుకను గూర్చి ఎవ్వరెంత గహనముగా వ్రాసినను ఆ మేకులంత స్పష్టముగా చెప్పజాలరు.

1737లో, 14 ఏండ్ల ప్రాయమున, స్మిత్ గ్లాస్గో విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట నీతిశాస్త్రము బోధించుచుండిన ఫ్రాన్సిస్ హచిసన్ అతని మనస్సును ఆకర్షించెను. పండితభాషయగు లాటినును విడిచి వాడుకలోనున్న ఇంగ్లీషులో పాఠము చెప్పిన మొదటి ఆచార్యులలో హచిసన్ ఒకడు. దేశభాషలో ఉన్నత విద్య బోధింపవచ్చునా అను చర్చ ఎరిగిన మన పండితులకు ఈ విషయము ఆసక్తికరము. 1740లో స్మిత్ స్నెల్ విద్యార్థివేతనము పొంది ఆక్స్‌ఫర్డునందలి బేలియల్ కళాశాలకు వెళ్లెను. అక్కడ ఆరేండ్లుండెను, చదువు మాత్రము తనంతట తానే చదివికొనవలసి వచ్చెను. ఆచార్యులలో పెక్కుమంది పాఠము చెప్పుటయే మానివేసిరి.

ఈ అనుభవము వృథా పోలేదు. గ్లాస్గోలో ఆచార్యునకు వచ్చు ఆదాయములో అధికభాగము శిష్యులు చెల్లించు రుసుము. పాఠము బాగుండనిచో శిష్యులు రారు. ఆక్స్‌ఫర్డులో ఆదాయమంతయు శాశ్వత నిధులనుండి వచ్చును. పాఠము చెప్పినను చెప్పకున్నను దానికి లోటు లేదు. మనుష్యులు అచ్చటివారైనను ఇచ్చటివారైనను స్వభావమున ఒక్కటే. ఏర్పాటు మారినచో నడవడి మారును. స్మిత్ ఆర్థికచింతనకు ఇది బీజము. ఈ ప్రకరణమును నిశ్చితవేతనము పుచ్చుకొను ఆచార్యులెవ్వరును మనశ్శాంతితో చదువజాలరు.

1746లో స్వదేశమునకు తిరిగివచ్చి, రెండేండ్లు తల్లి కడనుండి, 1748 మొదలు 1751 వరకు ఎడింబరోలో అలంకారశాస్త్రమును సాహిత్యమును గూర్చి ఉపన్యసించెను. హెన్రీ హోమ్ అను న్యాయవాది (తరువాత కేమ్స్ ప్రభువు) ఇందుకు ప్రోత్సాహకుడు. 1707లో స్కాట్లండు ఇంగ్లండుతో ఏకమైన పిమ్మట, అచ్చటి విద్యావంతులకు దోషరహితమైన ఇంగ్లీషు వ్రాయవలెనను తహతహ మిక్కుటమైనది. స్మిత్ ఆరేండ్లు ఆక్స్‌ఫర్డులో ఉండివచ్చినవాడు. శ్రోతలకు కొరత లేకుండెను. ఉపమారూపకాదులను వర్గీకరించి పట్టికలు కట్టు ప్రాచీన గ్రంథములయందు అతనికి గౌరవము లేదు. అలంకారమునకు స్వతస్సిద్ధమైన శోభ లేదనియు, వక్త హృదయమునందలి భావమును శ్రోతకు తేటగా అందజేయునపుడే అది శోభించుననియు అతని మతము. క్షేమేంద్రుని ఔచిత్యవిచారమును చదివినవారికి ఇది పరిచితమైన మాటగానే తోచును. స్మిత్ మాత్రము క్షేమేంద్రుని పేరైనను వినియుండడు.

1751లో గ్లాస్గోలో తర్కశాస్త్రాచార్యుడై, మరుసటి ఏడే నీతిశాస్త్ర పీఠమునకు మారెను. 1759లో నైతికభావముల సిద్ధాంతమను గ్రంథము వెలువడినది. పరుని స్థానమున తన్ను నిలుపుకొని, వాని సుఖదుఃఖములను ఊహించి అనుభవించు శక్తియే నీతికి ఆధారమని అందలి ప్రతిపాదన. స్మిత్‌ను స్వార్థమునకు ప్రవక్తగా చిత్రించువారు ఈ గ్రంథమును తెరువరు. అతడు దీనిని జీవితాంతమువరకు సవరించుచునే ఉండెను.

1761లో ఒక భాషాశాస్త్ర సంకలనమున భాషల ప్రథమావిర్భావమును గూర్చిన వ్యాసము ప్రకటితమైనది. 1767లో నీతిగ్రంథపు మూడవ కూర్పునకు అనుబంధముగా చేర్పబడినది. అందలి వాదము క్లుప్తముగా ఇది. ఆదిమానవుడు తనకు ఎరుకైన గుహకు, చెట్టునకు, ఊటకు ఒక్కొక్క పేరు పెట్టెను. అట్టివే మరికొన్ని కనబడగా ఆ పేర్లనే వాడెను. అట్లు సంజ్ఞావాచకము జాతివాచకమైనది. విశేషణమునకు గుణమును ద్రవ్యమునుండి వేరుచేయు బుద్ధి కావలెను. సంబంధమును మాత్రమే తెలుపు అవ్యయములకు అంతకంటెను సూక్ష్మమైన బుద్ధి కావలెను. అందుచే ఆదిభాషలు సంబంధమును వేరుపదముతో తెలుపక నామము తుదనే మార్పుచేసి విభక్తులను కల్పించుకొన్నవి. తరువాత రెండు జాతులు కలిసినపుడు, పరభాష నేర్చుకొనువారికి ఆ విభక్తుల అడవి దుర్గమమైనది. లంబార్డులు ఇటలీకి వచ్చి లాటిను మాటాడబూనినపుడు విభక్తులకు మారు చిన్న అవ్యయములను, క్రియారూపములకు మారు సహాయక్రియలను వాడుకొనిరి. భాష యంత్రమువలె క్రమముగా సరళమగును. అయితే యంత్రము సరళమైనకొలది మెరుగగును. భాష సరళమైనకొలది వాక్యము దీర్ఘమగును, నాదసౌష్ఠవము తగ్గును, పదములను ఇష్టమువచ్చిన క్రమమున నిలుపు స్వేచ్ఛ పోవును.

ఈ వాదమున లోపములు కలవు. అతని దృష్టిపథము గ్రీకు, లాటిను, వాటి సంతతి భాషలను దాటి ఎక్కువ దూరము పోలేదు. సంస్కృతమునకు గ్రీకు లాటినులతోగల సంబంధమును విలియమ్ జోన్స్ 1786లో ప్రకటించెను. ఎల్లిస్ ద్రావిడ భాషలను ఒక కుటుంబముగా గుర్తించినది 1816లో. తెలుగు ప్రత్యయములు ప్రకృతిని అంటియే యుండియు చాలవరకు విడదీయుటకు అనువైనవి. స్మిత్ కల్పించిన మెట్లలో వీనిని ఏ మెట్టున నిలుపవలెనో తెలియదు. ఈ వ్యాసమునకుగల విలువ వేరొకటి. వ్యాకరణమును ఏ రాజును శాసింపలేదు, ఏ సభయును తీర్మానింపలేదు. ఎవరి మాట వారు నెగ్గించుకొనుటకు చేసిన ప్రయత్నములే కూడి, ఎవ్వరును ఉద్దేశింపని ఒక వ్యవస్థ ఏర్పడినది. ఆజ్ఞాపించువాడు లేకయే క్రమము పుట్టునను ఈ భావము స్మిత్‌కు తొలుత భాషయందు గోచరించి, పిమ్మట విపణియందు గోచరించెనని చెప్పుట సాహసము కాదు. మిక్కిలి ప్రసిద్ధమైన అదృశ్యహస్తమను మాట అతని రచనలన్నిటిలో మూడుచోట్ల మాత్రమే కలదు. అందు మొదటిది ఖగోళశాస్త్ర చరిత్రమున, రెండవది నీతిగ్రంథమున.

నీతిగ్రంథమును చదివి ముగ్ధుడైన చార్లెస్ టౌన్‌షెండ్ అను రాజకీయవేత్త, తన సవతికుమారుడగు బక్లూ ప్రభువునకు దేశాటనమున గురువుగా ఉండుటకు స్మిత్‌ను కోరెను. సాలునకు 300 పౌనులు, అదియు ఆజీవాంతము. 1764 మొదట స్మిత్ ఆచార్యపదవిని విడిచెను. నడిసంవత్సరమున పోవుచున్నాడు గనుక శిష్యులకు రుసుము తిరిగి ఇచ్చెను. వారు వలదన్నను బలవంతముగా ఇచ్చెను. తూలూజ్, జినీవా, పారిస్ నగరములలో సుమారు మూడేండ్లు గడిచెను. వోల్టేరును చూచెను, తుర్గోతో పరిచయమయ్యెను. రాజవైద్యుడును ఆర్థికచింతకుడును అగు కెనేతో చర్చించెను. తన మహాగ్రంథమును కెనేకు అంకితమీయదలచెను గాని 1774లో కెనే మరణించెను. 1766లో బక్లూ ప్రభువు తమ్ముడు పారిసులో చనిపోగా యాత్ర ముగిసినది. ఈ స్మిత్‌ను నియమించిన టౌన్‌షెండే 1767లో ఆర్థికమంత్రిగా అమెరికా వలసలలో తేయాకు మొదలగువానిపై సుంకములు విధించి విప్లవమునకు నిప్పు రాజవేసెను.

1767లో కర్కాడీకి తిరిగివచ్చి, అచ్చటను లండనులోను దాదాపు పదేండ్లు శ్రమించి, 1776 మార్చి 9వ తేదీన స్మిత్ తన గ్రంథమును ప్రకటించెను. దేశముల సంపద స్వభావమును, కారణములను పరిశోధించు ఈ గ్రంథము రెండు సంపుటములు. గుండుసూదుల కర్మశాల వర్ణన లోకవిదితము: పదిమంది పని పంచుకొని చేసినచో దినమునకు 48,000 సూదులు తయారగును, ఒక్కడే అన్ని పనులు చేసినచో ఇరువదియైనను కావు. అయితే గ్రంథమున ఎక్కువ వేడిమిగల భాగము ఇది కాదు. బంగారము వెండియే సంపదయని నమ్మి, ఎగుమతిని పెంచి దిగుమతిని ఆపజూచు నాటి రాజనీతిపై చేసిన దాడి గ్రంథమునకు ప్రాణము. ఏడేండ్లు శిష్యరికము చేయనివాడు వృత్తి చేపట్టరాదను శాసనము పేదవానికిగల ఏకైక ఆస్తిని, అనగా అతని రెక్కల కష్టమును, హరించుచున్నదని అతడు వాదించెను. కూలివాడు ఒక పారిషునుండి మరియొక పారిషునకు పోయి స్థిరపడకుండ అడ్డగించు చట్టమును అంత తీవ్రముగానే ఖండించెను.

ఇచ్చట గమనింపదగినది, ఈ జోక్యములను కోరి చేయించుకొనునది ఎవ్వరని అతడు భావించెనో. ప్రభుత్వము తన మూర్ఖత్వముననే చేయుచున్నదని అతడు అనలేదు. వర్తకులును యంత్రశాలాధిపతులును తమ లాభమునే దేశక్షేమముగా నమ్మించి శాసనసభలచే చట్టములు చేయించుకొనుచున్నారని అతని ఆరోపణ. యజమానులు కూలి పెరుగకుండ నిశ్శబ్దముగా కట్టుకట్టుదురనియు, పనివారు కట్టుకట్టినచో మాత్రము చట్టము వారిపై విరుచుకొనిపడుననియు వ్రాసెను. 1959లో రాజగోపాలాచారి స్థాపించిన స్వతంత్రపార్టీ, గోగినేని రంగనాయకులు తొలి అధ్యక్షుడుగా, లైసెన్సు పర్మిట్ల పాలనను విమర్శించినపుడు, పర్మిటు సంపాదించినవాడు గుత్తదారుడై కూర్చుండునను వాదము తరచుగా వినబడెను. అది స్మిత్ వాదమునకు దగ్గరి చుట్టము. రాజ్యము ఏమియు చేయరాదని మాత్రము అతడు అనలేదు. దేశరక్షణ, న్యాయపాలన, వ్యక్తులకు లాభము రాని దారులు, వంతెనలు, కాలువలు, పేదల బిడ్డలకు పాఠశాలలు రాజ్యమునకు విడిచెను. వడ్డీకి చట్టబద్ధమైన పరిమితి ఉండవలెననెను. దీనిని బెంథమ్ 1787లో స్మిత్ సూత్రములతోనే ఎదిరించెను.

భారతదేశమునకు అతడు రాలేదు గాని ఈ దేశము అతని గ్రంథమున పలుమారులు కనబడును. 1772లో, బెంగాలు వ్యవహారములను చక్కదిద్దుటకు పంపదలచిన పర్యవేక్షకులలో ఒకనిగా స్మిత్ పేరును ఒక మిత్రుడు ఈస్టు ఇండియా కంపెనీ డైరెక్టర్లకు సూచించెను. ఆ ఏర్పాటు సాగలేదు. కంపెనీనిగూర్చి స్మిత్ తీర్పు నిర్దాక్షిణ్యము. పాలకునకు ప్రజలు సంపన్నులైనచో లాభము. గుత్తవర్తకునకు కొన్నచోట ధర తగ్గినచో లాభము. ఈ ఇద్దరును ఒకే దేహమున ఉన్నపుడు వర్తకుడు పాలకుని మ్రింగును. పొలములో పైరును దున్నించి నల్లమందు మొక్క వేయించుట, నల్లమందు ఎక్కువైనచో దానిని దున్నించి వరి వేయించుట కంపెనీ ఉద్యోగులకు అలవాటని వ్రాసెను. 1784 నాటి మూడవ కూర్పున ఈ విమర్శను మరింత పెంచెను.

ధాన్యవర్తకమును గూర్చిన ప్రకరణము అతని గ్రంథమున మిక్కిలి వివాదాస్పదము. కాటకము వేరు, క్షామము వేరని అతని విభజన. పంట తగ్గుట కాటకము. అప్పుడు వర్తకుడు ధర పెంచును; జనము తిండి తగ్గించుకొందురు; ఉన్న ధాన్యము మరుసటి పంటవరకు వచ్చును. నౌకలో ఆహారము తరుగుచున్నదని తెలిసిన నావికుడు ముందే పాళ్లు తగ్గించుట వంటిది ఇది. రాజ్యము కనికరించి ధరను బలవంతముగా దించినచో ధాన్యము అంగడికి రాదు, వచ్చినను త్వరలో తీరిపోవును, కాటకము క్షామమగును. 1769-70లో బెంగాలులో జరిగినదానికి ఉదాహరణగా, బియ్యపు వర్తకముపై కంపెనీ ఉద్యోగులు పెట్టిన నిర్బంధములు కొంతవరకు కారణమై ఉండవచ్చునని చెప్పెను. వరి పండు దేశములలో అనావృష్టి మరింత ఘోరమని ఒప్పుకొనియు, వర్తకము స్వేచ్ఛగా ఉన్నచో అచ్చటను క్షామము రాదనెను.

ఈ కొన్ని పుటలే పిమ్మట మన దేశమున రాజశాసనముతో సమానమైనవి. కంపెనీ ఉద్యోగులకు ఇంగ్లండులో శిక్షణనిచ్చిన హెయిలీబరీ కళాశాలలో 1805 నుండి మాల్తస్ అర్థశాస్త్రము బోధించెను. స్మిత్ గ్రంథము అచ్చట పాఠ్యము. 1866లో ఒరిస్సా క్షామమున ప్రభుత్వము సకాలమున బియ్యము తెప్పింపలేదు. 1876లో ధాత కరువు మద్రాసు రాజధానిని కబళించినది. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములు శ్మశానప్రాయములైనవి. గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు 30,000 టన్నుల ధాన్యము కొనగా, వైస్రాయి లిట్టన్ ప్రభుత్వము అది వర్తకమున జోక్యమని ఆక్షేపించినది. 1877లో వచ్చిన రిచర్డ్ టెంపుల్ క్షామపు పనులలో కూలిని తగ్గించెను. రాజధాని ఆరోగ్యాధికారి కార్నిష్ ఎదిరించినను చాలకాలము చెల్లలేదు. రైళ్లు ధాన్యమును చేర్చుచునే ఉండెను. కొనుటకు చేతిలో కాసు లేనివాడు బస్తాల ప్రక్కనే పడిపోయెను.

ఇందు స్మిత్ దోషమెంత? ధర పెరిగినచో జనము తిండి తగ్గించుకొందురని వ్రాసినపుడు, తగ్గించుకొనుటకైనను కొంత తిండి కొనగలవాడే అతని కన్నులయెదుట ఉండెను. కూలియే పోయినవాడు ఆ లెక్కలో లేడు. ఇది లోపమే. అయితే వేతనములను గూర్చిన అధ్యాయమున, క్షీణించు దేశములో కూలి అడిగువారెక్కువై, ఇచ్చువారు తక్కువై, తుదకు జనము ఆకలిచే నశింతురని చెప్పి, బెంగాలును ఉదాహరించినవాడును ఇతడే. క్షామము ధాన్యాభావమువలననే కాక, ధాన్యమును పొందు శక్తి నశించుటవలన వచ్చునని 1981లో అమర్త్య సేన్ విస్తరించి నిరూపించినదానికి ఇది పూర్వరూపము. కలకత్తా అధికారులు ధాన్యప్రకరణమును కంఠస్థము చేసిరి; వేతనాధ్యాయమును మరచిరి. మరియు స్మిత్ వాదమంతయు గుత్తను ఎదిరించు వాదము. దానిని గుత్తపాలకుల వారసులే తమ నిష్క్రియత్వమునకు కవచముగా తొడిగికొనిరి. నందన కరువు (1832-33) గుంటూరు మండలమును పాడుచేసిన పిమ్మట గోదావరికి, కృష్ణకు కాటన్ కట్టించిన ఆనకట్టలు స్మిత్ రాజ్యమునకు విడిచిన పనుల కోవలోనివే.

గ్రంథము వెలువడిన యేడే ఆగస్టు 25న ప్రాణమిత్రుడు డేవిడ్ హ్యూమ్ మరణించెను. నాస్తికుడని పేరుపడిన హ్యూమ్ ప్రశాంతముగా ప్రాణము విడిచెనని స్మిత్ ప్రకటించిన చిన్న లేఖకు వచ్చిన దూషణ, వర్తకవ్యవస్థ నంతటిని ఖండించిన గ్రంథమునకు రాలేదు. 1778లో అతడు స్కాట్లండున సుంకముల కమిషనరుగా నియుక్తుడయ్యెను. జీతము సాలునకు 600 పౌనులు. సుంకములను నిరసించినవాడు సుంకాధికారియగుట చూచి నవ్వినవారు లేకపోలేదు. పదవిలో చేరి, నిషిద్ధవస్తువుల పట్టికను చదివి, తన పెట్టెను వెదకగా, మెడగుడ్డలు, చేతిరుమాళ్లు మొదలగువానిలో చట్టమునకు ఒప్పునది దాదాపు ఏదియు కనబడలేదు. అన్నిటిని కాల్చివేసెను. దొంగసరకు అమ్మువానిని నేరస్థునిగా సృష్టించునది సుంకమేయని వ్రాసియున్నవాడే, చట్టము ఉన్నంతకాలము దానిని తప్పక పాటించి, ప్రతిదినము కార్యాలయమునకు శ్రద్ధగా పోవుచుండెను.

1787లో గ్లాస్గో విశ్వవిద్యాలయము అతనిని రెక్టరుగా ఎన్నుకొన్నది. అతడు మిక్కిలి సంతోషించిన గౌరవమిది. గుప్తదానములకు పెద్దమొత్తములు వెచ్చించినందున మరణానంతరము మిగిలిన ధనము, చూచినవారు ఆశించినదానికంటె తక్కువ. 1790 జూలైలో అంత్యకాలము సమీపించినదని గ్రహించి, రసాయనశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్, భూగర్భశాస్త్రజ్ఞుడు జేమ్స్ హట్టన్ అను మిత్రులచే తన వ్రాతప్రతులు సుమారు 16 సంపుటములను కాల్పించెను. అవి భస్మమైన పిమ్మటనే అతని మనస్సు కుదుటపడినది. జూలై 17న ఎడింబరోలో కన్నుమూసెను. కేనన్‌గేట్ చర్చి ఆవరణమున సమాధి కలదు.

అసంపూర్ణమైనదేదియు లోకమునకు దక్కకూడదని అతడు కోరెను గాని శిష్యుల నోటుపుస్తకములను కాల్పించుట అతనికి శక్యము కాలేదు. న్యాయశాస్త్రోపన్యాసములను ఒక శిష్యుడు వ్రాసికొన్న ప్రతి 1895లో ఎడ్విన్ కేనన్ దృష్టికి వచ్చి మరుసటి యేడు అచ్చయినది. 1958లో ఆబర్డీన్ ప్రాంతమున ఒక పాత గృహపు గ్రంథములు అమ్ముడుపోవుచుండగా, జాన్ లోథియన్ అను ఆంగ్లాచార్యునకు మరికొన్ని నోటుపుస్తకములు దొరికినవి. వానిలో ఒకటి 1762-63లో గ్లాస్గోలో స్మిత్ చెప్పిన అలంకారశాస్త్ర పాఠము. అది 1963లో గ్రంథరూపమున వెలువడినది.